సముద్రంలో ఒక్కో సూక్ష్మజీవికి పది వైరస్‌లు: ఈ లెక్క ఎక్కడిదాకా నిలుస్తుంది?

సాగరతీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. సముద్రపు నీటి పాఠం వచ్చినప్పుడల్లా "ఒక మిల్లీలీటరు ఉపరితల జలంలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా, 1 కోటి వైరస్‌లు ఉంటాయి, అంటే ఒక్కో కణానికి పది వైరస్‌లు" అని బోర్డు మీద రాసి ముందుకు సాగిపోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. మొన్న ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, మన ఆర్కే బీచ్ దగ్గరి నీటిలోనూ, నడి సముద్రంలో వెయ్యి మీటర్ల లోతులోనూ ఇదే పది ఉంటుందా? ఉంటే అలా ఎందుకు ఉండాలి?" అని అడిగింది. "ఇంచుమించుగా ఉంటుంది" అని చెప్పాను గాని, ఇంటికి వచ్చాక ఆ సమాధానం నాకే నచ్చలేదు. ఈ పది ఎక్కడి నుంచి వచ్చింది, కొలతలు నిజంగా దానిని సమర్థిస్తున్నాయా, సమర్థించకపోతే తరగతిలో దాని స్థానంలో ఏం చెప్పాలి అన్నది తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

నీటిచుక్క

సాగరతీరం గారూ, ఆ పది పుట్టుక ముందు చెప్పుకుందాం. 1980ల చివరి దాకా సముద్రపు వైరస్‌లను లెక్కించడానికి ఎక్కువగా వాడిన మార్గం ఒకటే. పెట్రీ పళ్లెంలో ఏదో ఒక బ్యాక్టీరియాను పలుచని పొరగా పెంచి, దాని మీద సముద్రపు నీటిని వేసి, పొర కరిగిపోయి ఎన్ని చిల్లులు పడ్డాయో లెక్కపెట్టేవారు. సముద్రంలోని బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పళ్లెంలో పెరగనే పెరగదు కాబట్టి, పెరగని బ్యాక్టీరియా మీద బతికే వైరస్ ఈ పద్ధతికి కనబడే అవకాశమే లేదు. అందుకే సముద్రంలో వైరస్‌లు నామమాత్రంగా ఉంటాయని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

1989లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ బృందం నీటిని అతివేగ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగుకు చేరిన కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద నేరుగా లెక్కించింది. సహజ జలాలలో మిల్లీలీటరుకు 25 కోట్ల వరకు వైరస్ కణాలు కనిపించాయని, అది అంతకుముందు నివేదికల కంటే వెయ్యి రెట్ల నుంచి కోటి రెట్ల దాకా ఎక్కువని వారు నేచర్ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాది, అంటే 1990లో, లీటా ప్రాక్టర్, జెడ్ ఫుర్మన్ ఇద్దరూ సముద్రపు బ్యాక్టీరియా కణాల లోపల పొదుగుతున్న వైరస్‌లను చూపించి, ఇవి ఊరికే తేలుతున్న ధూళి కావని, బ్యాక్టీరియాను నిజంగా చంపుతున్నాయని నిరూపించారు.

ఆ తరువాత పచ్చగా మెరిసే రంగులు వచ్చాయి. 0.02 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత పొర మీద నీటిని పీల్చి, న్యూక్లిక్ ఆమ్లానికి అంటుకుని మెరిసే సైబర్ గ్రీన్ రంగు వేసి, ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని కింద పెడితే పెద్ద చుక్కలు బ్యాక్టీరియాగా, సన్నని చుక్కలు వైరస్‌లుగా ఒకే చూపులో కనిపిస్తాయి. లెక్కించడం తేలికైంది, చౌకైంది, ప్రపంచమంతటా ప్రయోగశాలలు లెక్కించాయి. చాలా చోట్ల నిష్పత్తి ఐదుకూ ఇరవై ఐదుకూ మధ్య వచ్చింది. ఆ గుంపుకు నడిమధ్యగా "పది" అన్న మాట వాడుకలోకి వచ్చి, నాలుగు సమీక్షా వ్యాసాలు దాటేసరికి సగటు కాస్తా నియమంలాగా చదవబడింది. మొత్తం సముద్రంలో 1 పక్కన 30 సున్నాలు పెట్టినన్ని వైరస్‌లు ఉంటాయన్న కర్టిస్ సటిల్ గారి ప్రసిద్ధమైన అంచనా కూడా ఇలాంటి ప్రాతినిధ్య సంఖ్యనే తీసుకుని నీటి పరిమాణంతో గుణించినది. స్థూలమైన అంచనాకు అది సరిపోతుంది. ఒక ప్రత్యేకమైన నీటి నమూనా గురించి జోస్యం చెప్పడానికి సరిపోతుందా అన్నదే మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న.

వెన్నెల_కెరటం

నేను ఫ్లో సైటోమీటరు (నీటిలోని కణాలను కాంతితో ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రం) మీద పనిచేసే పరిశోధక విద్యార్థిని. ఈ ప్రశ్నను సూటిగా అడిగిన పని 2016లో నేచర్ మైక్రోబయాలజీలో వచ్చింది. చార్లెస్ విగింగ్టన్, జాషువా వైట్జ్, వారి సహచరులు 25 వేర్వేరు సముద్ర సర్వేల నుంచి 5,671 కొలతలను ఒక చోట చేర్చారు. ప్రతి కొలతలోనూ ఒకే నీటిలో లెక్కించిన సూక్ష్మజీవ కణాల సంఖ్య, వైరస్‌ల సంఖ్య రెండూ ఉంటాయి. వారు 100 మీటర్ల లోపు నీటిని, అంతకంటే లోతైన నీటిని విడివిడిగా పరిశీలించారు.

ఉపరితల జలాలలో నిష్పత్తి మధ్యగతం 10.5 వచ్చింది. ఇది చూసి "పది సరైనదే కదా" అనిపిస్తుంది. అయితే కొలతల్లో 95 శాతం ఎంత మేరకు పరుచుకున్నాయో చూస్తే 1.4 నుంచి 160 దాకా ఉన్నాయి, అంటే వంద రెట్లకు పైగా తేడా. లోతైన నీటిలో మధ్యగతం 16, పరుచుకున్న మేర 3.9 నుంచి 74. కాబట్టి మేడమ్ గారి విద్యార్థినికి "ఇంచుమించుగా ఉంటుంది" అన్న సమాధానం మధ్యగతం గురించి చెప్తే తప్పు కాదు, ఏదో ఒక సీసాలోని నీటి గురించి చెప్తే మాత్రం దాదాపు ఏమీ చెప్పనట్టే.

దీనికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కణాల సంఖ్య పెరిగిన కొద్దీ వైరస్‌ల సంఖ్య కూడా పెరుగుతుంది గాని, అదే పాళ్లలో పెరగదు. రెండింటి సంవర్గమానాలను గీస్తే వచ్చిన వాలు ఉపరితలంలో 0.42, లోతులో 0.53. నిష్పత్తి నిజంగా స్థిరమైతే ఆ వాలు 1 కావాలి. దీని అర్థం ఏమిటంటే, ఉపరితలంలో కణాలు రెట్టింపైతే వైరస్‌లు రెట్టింపు కావు, సుమారు 1.3 రెట్లు అవుతాయి. కణాలు పది రెట్లైతే వైరస్‌లు సుమారు 2.6 రెట్లు మాత్రమే అవుతాయి. సూక్ష్మజీవులు కిక్కిరిసిన నీటిలో తలకు తక్కువ వైరస్‌లు, పలుచగా ఉన్న నీటిలో తలకు ఎక్కువ వైరస్‌లు అన్నమాట.

సందేహజీవి

నాకు జీవశాస్త్రంలో పరిచయం తక్కువ, అందుకే మొరటుగా అడుగుతున్నాను, మన్నించండి. వైరస్‌కు తిండీ, ఇల్లూ, కార్ఖానా అన్నీ బ్యాక్టీరియాయే. కార్ఖానాలు పది రెట్లు పెరిగితే సరుకు పది రెట్లు పెరగకుండా రెండున్నర రెట్ల దగ్గర ఎందుకు ఆగుతుంది? నా ఇంగితానికి ఇది తలకిందులుగా తోస్తోంది. కిక్కిరిసిన చోటే కదా అంటువ్యాధి ఎక్కువగా పాకాలి?

నీటిచుక్క

సందేహజీవి గారి ప్రశ్న మొరటుది కాదు, ఈ రంగంలో పనిచేసేవారు కూడా తడబడే చోటే అది. కొంచెం నిదానంగా వెళ్దాం.

నీటిలో తేలుతూ కనిపించే వైరస్‌ల సంఖ్య ఒక తొట్టిలోని నీటిమట్టం లాంటిది. పైనుంచి పడే ధార ఉంటుంది, కింద కారిపోయే చిల్లు ఉంటుంది. ధార అంటే బద్దలవుతున్న కణాల నుంచి బయటపడే కొత్త వైరస్‌లు. చిల్లు అంటే సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలకు చెడిపోవడం, బురద రేణువులకు అంటుకుని మునిగిపోవడం, ఎంజైముల వల్ల విచ్ఛిన్నం కావడం, చిన్న ప్రోటోజోవాలకు ఆహారం కావడం వంటివి. మట్టం నిలకడగా ఉన్నప్పుడు ఈ రెండూ సమానం కావాలి. అప్పుడు ఒక్కో కణానికి ఉండే వైరస్‌ల సంఖ్య ఇలా వస్తుంది: ఒక కణం పగిలితే వచ్చే వైరస్‌ల సంఖ్యను రోజుకు పగిలే కణాల భాగంతో గుణించి, రోజుకు నశించే వైరస్‌ల భాగంతో భాగించాలి.

ఉదాహరణకు ఒక కణం పగిలితే 25 వైరస్‌లు వస్తాయనుకుందాం. రోజుకు కణాల్లో ఐదో వంతు, అంటే 0.2, వైరస్‌ల వల్ల పగులుతున్నాయనుకుందాం. వైరస్‌లలో సగం రోజూ నశిస్తున్నాయనుకుందాం. 25ను 0.2తో గుణిస్తే 5, దాన్ని 0.5తో భాగిస్తే 10. ఇదిగో మన పది. ఇప్పుడు పగిలే వేగాన్ని మార్చకుండా నశించే భాగాన్ని మాత్రం 0.1 చేయండి, నిష్పత్తి 50 అవుతుంది. దాన్ని 1 చేస్తే నిష్పత్తి 5కు పడిపోతుంది. ఈ సంఖ్యలు వివరణ కోసం నేను ఎంచుకున్నవే గాని, చెప్పదలచుకున్న విషయం ఇది: పది అన్నది ప్రకృతి స్థిరాంకం కాదు, మూడు వేర్వేరు రాశుల మధ్య లెక్క తేలగా మిగిలిన శేషం. ఆ మూడింటిలో ఏది మారినా అది మారుతుంది.

ఇక కిక్కిరిసిన నీటి సంగతి. బ్యాక్టీరియా ఎక్కువగా ఉండే తీరజలాల్లో రేణువులూ, ఎంజైములూ, వైరస్‌లను మింగే ప్రోటోజోవాలూ కూడా ఎక్కువే, కాబట్టి చిల్లు పెద్దది. అక్కడ పెరిగే బ్యాక్టీరియా జాతులు వేరు, వాటి నుంచి పుట్టే వైరస్‌ల సంఖ్య వేరు, ఆ కణాలను చంపడంలో వైరస్‌లతో పోటీపడే ప్రోటోజోవాల వాటా వేరు. కార్ఖానాలు పెరిగినచోట సరుకు పాడయ్యే వేగమూ పెరిగితే, గోదాములో కనిపించే నిల్వ అదే పాళ్లలో పెరగనవసరం లేదు. మీరు అంటువ్యాధి వేగాన్ని దృష్టిలో పెట్టుకున్నారు, వారు కొలిచింది నిల్వను. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

లోతైన నీటిలో మధ్యగతం ఎక్కువగా ఉండటానికి కూడా ఈ లెక్క ఒక దారి చూపిస్తుంది. అక్కడ ఎండ లేదు, చలి ఎక్కువ, వైరస్ నశించే వేగం తగ్గుతుంది. పైనుంచి మునిగే రేణువులతో వచ్చి చేరే వైరస్‌లు కూడా కొన్ని ఉంటాయి.

లెక్కల_పంతులు

నేను గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. జీవశాస్త్రం జోలికి వెళ్లను గాని, వెన్నెల_కెరటం గారు ఇచ్చిన వాలు విషయంలో రెండు హెచ్చరికలు చేయక తప్పదు.

మొదటిది: వాలు ఎంత అన్నది ఒకటి, ఆ గీత కొలతలను ఎంతవరకు వివరిస్తోంది అన్నది వేరొకటి. నేను ఆ వ్యాసం తెరిచి చూశాను. లోతైన నీటిలో ఆ గీత చెప్పే ఘాత సూత్రం (కణాల సంఖ్యను ఆ వాలుతో సమానమైన ఘాతానికి ఎత్తి వైరస్‌లను అంచనా వేసేది) వైరస్‌ల సంఖ్యలోని హెచ్చుతగ్గుల్లో 64 శాతాన్ని వివరిస్తోంది, ఉపరితలంలో 15 శాతాన్ని మాత్రమే. అంటే ఉపరితలంలో కణాల సంఖ్య తెలిసినా వైరస్‌ల సంఖ్య గురించి మనకు తెలిసేది స్వల్పం. "ఒక్కో కణానికి పది" అన్న గీత పరిస్థితి ఇంకా అన్యాయం. ఉపరితల కొలతలకు దాన్ని అతికిస్తే, సగటు విలువను అడ్డంగా గీసిన గీత కంటే కూడా అధ్వానంగా సరిపోయింది. పాత నియమం తప్పని తేలింది కాబట్టి కొత్త నియమం దొరికిందని ఎవరూ పొరబడకూడదని నా మనవి.

రెండవది: అడ్డ అక్షం మీది కొలతలోనే పొరపాటు ఉన్నప్పుడు, మామూలు రిగ్రెషన్ పద్ధతి వాలును సున్నా వైపు లాగుతుంది. బ్యాక్టీరియా లెక్కింపులో పొరపాటు లేదని ఎవరూ అనరు కదా. కాబట్టి నిజమైన వాలు 0.42 కంటే కొంత ఎక్కువ ఉండవచ్చు. దాన్ని 1 దాకా లాక్కెళ్లగలిగినంత పెద్ద పొరపాటు ఉందని నేననను. దశాంశ స్థానాలను నమ్ముకుని సిద్ధాంతాలు కట్టవద్దని మాత్రం అంటాను.

వెన్నెల_కెరటం

పంతులు గారి రెండవ హెచ్చరికకు నా బల్ల మీది అనుభవం జోడిస్తాను. అడ్డ అక్షం మీదనే కాదు, నిలువు అక్షం మీద కూడా పొరపాట్లున్నాయి, పైగా అవి రెండు వైపులా లాగుతాయి.

మనం వైరస్ అని లెక్కపెట్టే ప్రతి పచ్చ చుక్కా వైరస్ కాదు. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రోక్లోరోకాకస్ వంటి సముద్ర బ్యాక్టీరియా తమ పొర నుంచి చిన్న చిన్న బుడగలను విడిచిపెడతాయని, వాటిలో కొన్నింటిలో డీఎన్ఏ కూడా ఉంటుందని చూపించింది. పరిమాణంలో అవి వైరస్‌లకు దగ్గర. రంగు వాటికీ అంటుకుంటే లెక్కలోకి వచ్చేస్తాయి. మరోవైపు, ఆర్ఎన్ఏ వైరస్‌లు, ఒంటిపోగు డీఎన్ఏ ఉన్న చిన్న వైరస్‌లు ఈ రంగుతో సరిగా మెరవవు, కాబట్టి అవి లెక్కకు అందవు. ఆర్ఎన్ఏ వైరస్‌లను కలుపుకుంటే మనం సగం వైరస్‌లను చూడటం లేదేమోనని 2013లో ఒక బృందం ప్రశ్నించింది కూడా. వైరస్‌లను వేరుచేయడానికి ముందుగా 0.2 మైక్రాన్ల వడపోత వాడితే భారీ వైరస్‌లు పైనే ఉండిపోతాయి.

దీనికీ ఆ వాలుకూ సంబంధం ఉంది. కణాలు బాగా తక్కువగా ఉన్న నీటిలో బుడగలు, రంగు మరకలు, వాడిన ద్రావణాల్లోని మురికి కలిసి ఒక కనీస మట్టాన్ని ఏర్పరిస్తే, అక్కడ వైరస్‌ల సంఖ్య నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. గీత ఎడమ కొస పైకి లేస్తుంది. వాలు పడుకుంటుంది. అందుకే ఖాళీ నమూనాను, అంటే వైరస్ లేకుండా వడపోసిన ద్రావణాన్ని, ప్రతిసారీ లెక్కించి తీసేయడం మాకు నిత్యకృత్యం.

నిల్వ చేయడంలో కూడా ఉచ్చు ఉంది. నేను మొదటిసారి ఓడ ఎక్కినప్పుడు నమూనాలకు స్థిరీకరణ ద్రావణం కలిపి, ద్రవ నత్రజని సరిపోదని చెప్పడంతో మామూలు శీతలపెట్టెలో ఉంచి తీరానికి తెచ్చాను. కొన్ని వారాల తరువాత లెక్కిస్తే బ్యాక్టీరియా పెద్దగా తగ్గలేదు గాని వైరస్‌లు దారుణంగా తగ్గిపోయాయి. ఎన్నో రోజులు ఆ తక్కువ నిష్పత్తికి పర్యావరణ కారణాలు వెతుక్కున్నాను. ఓడ మీదే లెక్కించిన నాలుగు నమూనాలతో పోల్చి చూసుకున్నాకే అది సముద్రపు లక్షణం కాదని, నా శీతలపెట్టె లక్షణమని అర్థమైంది. వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించకపోతే వైరస్‌లు ఇలా తరిగిపోతాయన్నది అప్పటికే ప్రచురితమైన విషయమే. చదవకపోవడం నా తప్పు. పాత సర్వేలన్నీ ఒకే పద్ధతిలో నిల్వ చేయలేదు కాబట్టి, 1.4 నుంచి 160 అన్న ఆ విస్తృతిలో కొంత భాగం సముద్రానిది, కొంత భాగం మనుషులది.

చెరువుగట్టు

అయ్యా, అమ్మా, నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసేవాణ్ని. వైరస్ అన్న మాట వింటేనే మాకు తెల్లమచ్చ రోగం గుర్తొచ్చి గుండె జారుతుంది. మిల్లీలీటరుకు కోటి వైరస్‌లున్న సముద్రపు నీటినే మేము చెరువుకు తోడుకుంటున్నామా అని భయం వేసి అడుగుతున్నాను. ఆ కోటిలో మా రొయ్యను చంపేవి ఎన్ని? బ్యాక్టీరియా ఎక్కువైతే తలకు వైరస్‌లు తగ్గుతాయంటున్నారు కదా, మా చెరువులో రొయ్యకు రోగం తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా పెరిగినప్పుడు అది మంచికా, చెడుకా?

నీటిచుక్క

చెరువుగట్టు గారూ, భయపడకండి. ఆ కోటిలో అత్యధిక భాగం బ్యాక్టీరియాను మాత్రమే పట్టుకునే ఫేజ్‌లు. వాటికి రొయ్య కణం లోపలికి వెళ్లే దారే లేదు. తెల్లమచ్చ వైరస్ పూర్తిగా వేరే కుటుంబానికి చెందినది. అది రొయ్యలు, పీతల వంటి వాటి మీద బతుకుతుంది, నీటిలోని మొత్తం వైరస్‌ల లెక్కతో దాని ప్రమాదాన్ని అంచనా వేయలేం. మీ ఒడ్డున పీతలు తిరగడం, పిల్ల సరిగా పరీక్ష చేయించకపోవడం అన్నవి ఆ కోటి కంటే ఎక్కువగా పట్టించుకోవలసిన విషయాలు.

విబ్రియో సంగతి మాత్రం ఈ చర్చకు నేరుగా తగులుతుంది. విబ్రియోను చంపే ఫేజ్‌లు నిజంగానే ఉన్నాయి. రొయ్య పిల్లల హేచరీలలో వెలుగు రోగం కలిగించే విబ్రియో హార్వేయి మీద వాటిని మంగళూరు మత్స్య కళాశాల పరిశోధకులు ప్రయోగించి 2007లో ఫలితాలు ప్రచురించారు. కాని అన్ని ఫేజ్‌లూ చంపవు. కొన్ని తమ జన్యుపదార్థాన్ని బ్యాక్టీరియా జన్యువులో కలిపేసి తరతరాలుగా దానితోపాటే పెరుగుతాయి. దీన్నే లైసోజెనీ అంటారు. కలరా బ్యాక్టీరియా విషం తయారుచేసే జన్యువు అసలు అటువంటి ఒక ఫేజ్ తెచ్చిపెట్టినదేనని 1996లో తేలింది. కాబట్టి ఫేజ్ ఉంటే మంచిది అని కళ్లు మూసుకుని చెప్పలేం. ఏ ఫేజ్ అన్నది చూడాలి.

సందేహజీవి

లైసోజెనీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఆతిథేయులు, అంటే వైరస్‌లు పట్టే కణాలు, ఎక్కువగా ఉన్నచోట వైరస్‌లు వాటిని చంపడం మానేసి వాటి లోపలే తిష్ఠ వేస్తాయని, అందుకే బయట తేలే వైరస్‌ల పాళ్లు తగ్గుతాయని ఎక్కడో చదివాను. ఆ వివరణ ఈ 0.42 వాలుకు చక్కగా అతుకుతోంది కదా? ఇక వేరే కారణాలు వెతకడం ఎందుకు?

నీటిచుక్క

మీరు చదివినది 2016లోనే నేచర్‌లో వచ్చిన బెన్ నోల్స్, ఫారెస్ట్ రోహ్వర్ బృందం ప్రతిపాదన. వారు పగడపు దిబ్బల నీటిలో సూక్ష్మజీవులు పెరిగిన కొద్దీ నిష్పత్తి తగ్గడాన్ని గమనించారు, అలాంటి నీటిలోని వైరస్ జన్యువులలో లైసోజెనీకి సంబంధించిన గుర్తులు పెరగడాన్ని కూడా చూపించారు. గెలుస్తున్నవాడి భుజం ఎక్కి కూర్చోవడం అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. అంతకుముందు నుంచి ప్రచారంలో ఉన్నది దీనికి విరుద్ధమైన ఊహ. నార్వేకు చెందిన ఫ్రెడే థింగ్‌స్టాడ్ రూపొందించిన నమూనాలో ఏ జాతి బ్యాక్టీరియా బాగా పెరుగుతుందో దాన్నే దాని వైరస్ పట్టి దెబ్బతీస్తుంది, అందువల్ల ఏ ఒక్క జాతీ నీటినంతా ఆక్రమించలేదు. దీన్ని గెలిచినవాణ్ని చంపడం అంటారు.

ఈ రెండూ నిజానికి పూర్తిగా శత్రువులు కావు. థింగ్‌స్టాడ్ మాట్లాడింది ఒకే నీటిలో జాతుల మధ్య పోటీ గురించి. నోల్స్ బృందం మాట్లాడింది ఒక చోటి నీటికీ మరో చోటి నీటికీ మధ్య మొత్తం సంఖ్యల తేడా గురించి. మనం లెక్కించే మొత్తంలో వేల జాతుల ఆతిథేయులూ, వాటి వేల రకాల వైరస్‌లూ ఒకే గంపలో పడి ఉంటాయి. సముద్రపు ఉపరితలంలో నాలుగో వంతు కణాల దాకా ఉండే ఎస్ఏఆర్11 బ్యాక్టీరియానే చూడండి. దాన్ని ఏ వైరస్ పట్టుకోలేకపోవడం వల్లనే అది అంతగా పెరిగిందని ఒక వాదం ఉండేది. 2013లో దానికి కూడా వైరస్‌లు దొరికాయి, పైగా అవి సముద్రమంతటా విస్తారంగా ఉన్నాయని తేలింది. గంప మొత్తం బరువు చూసి లోపల ఏ కాయకు ఏ పురుగు పట్టిందో చెప్పలేము.

లెక్కల_పంతులు

నీటిచుక్క గారు మర్యాదగా చెప్పినదాన్ని నేను కొంచెం కటువుగా చెబుతాను. నిష్పత్తిని దాని హారంతోనే పోల్చి గీత గీయడం ప్రమాదకరమైన పని. వైరస్‌ల సంఖ్యను కణాల సంఖ్యతో భాగించి, ఆ ఫలితాన్ని మళ్లీ కణాల సంఖ్యకు ఎదురుగా గీస్తే, రెండింటికీ ఏ సంబంధం లేకపోయినా గీత కిందికే వంగుతుంది. ఉమ్మడి హారం వల్ల పుట్టే ఇలాంటి కల్పిత సహసంబంధం గురించి కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించారు.

సంవర్గమానాలలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కణాలకు ఎదురుగా వైరస్‌ల వాలు ఎంతైతే, కణాలకు ఎదురుగా నిష్పత్తి వాలు కచ్చితంగా దానికంటే 1 తక్కువ. వైరస్‌ల వాలు 0.42 అంటే నిష్పత్తి వాలు మైనస్ 0.58. ఇది కొత్త సమాచారం కాదు, అదే సమాచారాన్ని వేరే బట్టల్లో చూపించడం. వైరస్‌లకూ కణాలకూ అసలు సంబంధమే లేని పక్షంలో నిష్పత్తి వాలు మైనస్ 1 వస్తుంది. కాబట్టి నిష్పత్తి తగ్గుతోందన్న ఒక్క వాస్తవం నుంచి లైసోజెనీ పెరిగిందని తేల్చలేము. విగింగ్టన్ బృందం నిష్పత్తికి బదులు రెండు సంఖ్యలనూ నేరుగా ఒకదానికి ఎదురుగా ఒకటి గీయడం నాకు నచ్చింది.

వెన్నెల_కెరటం

పంతులు గారు చెప్పిన ఆక్షేపణకు దగ్గరగా ఉన్న వాదననే వైట్జ్, మరికొందరు కలిసి 2017లో నేచర్‌లోనే లేవనెత్తారు. చంపే వైరస్‌లు మాత్రమే ఉన్న నమూనాలు కూడా తగ్గే నిష్పత్తిని ఇవ్వగలవని, కాబట్టి నిష్పత్తి తగ్గుదల లైసోజెనీకి సాక్ష్యం కాలేదని వారి వాదన. నోల్స్ బృందం వద్ద జన్యు సాక్ష్యం కూడా ఉంది కాబట్టి వారి ప్రతిపాదన కొట్టుకుపోయిందని నేను అనుకోను. అది నిలబడవలసింది మాత్రం ఆ జన్యు సాక్ష్యం మీద, మైటోమైసిన్ వంటి రసాయనంతో లోపల దాగిన ఫేజ్‌లను బయటికి రప్పించే ప్రయోగాల మీద. నిష్పత్తి గీత మీద కాదు. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే, కొన్ని చోట్ల లైసోజెనీ నిజమే, అన్ని చోట్లా అదే కారణం కాదు.

సాగరతీరం

చాలా నేర్చుకుంటున్నాను, అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మనం ఇంతవరకు మాట్లాడినవన్నీ ఒక్కో సీసాకు ఒక్కో క్షణం కొలతలు. ఒకే నీటిని రోజుల తరబడి గమనిస్తే కాలంతో పాటు నిష్పత్తి ఎలా కదులుతుంది? ఆ కదలికను మనం ప్రదేశాల మధ్య తేడాగా పొరపడుతున్నామేమో?

నీటిచుక్క

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ బ్యాక్టీరియాలో కంటే శైవలాలలో దొరుకుతుంది. ఎమిలియానియా హక్స్‌లేయి అనే సూక్ష్మ శైవలం తన చుట్టూ సున్నపు పలకలు పేర్చుకుంటుంది. అది విపరీతంగా పెరిగినప్పుడు సముద్రం పాల రంగులోకి మారి ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపిస్తుంది. 1999లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ప్లిమత్ దగ్గర అలాంటి పెరుగుదల ఒకటి హఠాత్తుగా కూలిపోతున్నప్పుడు ఆ నీటి నుంచే దాన్ని చంపే భారీ వైరస్‌ను వేరుచేశారు. నార్వే ఫ్యోర్డ్‌లలో నీటిని పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో బంధించి చేసిన ప్రయోగాల్లో కూడా ఇదే క్రమం కనిపించింది. ముందు శైవలం పెరుగుతుంది, అప్పుడు వైరస్‌లు తక్కువ, నిష్పత్తి చిన్నది. తరువాత వైరస్‌లు పెరుగుతాయి, శైవలం కూలుతుంది. ఆతిథేయి దాదాపు మాయమైన రోజున వైరస్‌లు గరిష్ఠ స్థాయిలో ఉంటాయి, నిష్పత్తి ఆకాశాన్ని అంటుతుంది.

మీరు ఆ చక్రంలో ఏ రోజున సీసా ముంచారన్న దాని మీద మీ సమాధానం ఆధారపడి ఉంటుంది. ఇలా వేర్వేరు దశల్లో ఉన్న నీళ్లను కలిపి ఒకే పటం మీద గీస్తే, ఆతిథేయులు ఎక్కువున్నచోట నిష్పత్తి తక్కువగా, తక్కువున్నచోట ఎక్కువగా కనిపిస్తుంది. లైసోజెనీ అక్కర లేకుండానే, మూడు రాశులలో ఏదీ ప్రదేశాన్ని బట్టి మారకుండానే, వాలు 1 కంటే తగ్గుతుంది. వేల జాతులు తలో దశలో ఉండే బ్యాక్టీరియాలో ఈ ఊపు చాలావరకు ఒకదానికొకటి చెల్లిపోతుంది గాని, పూర్తిగా చెల్లిపోతుందని చెప్పలేం.

సందేహజీవి

ఇన్ని కారణాలు ఒకే ఆకారపు గీతను ఇస్తుంటే, ఆ గీత వల్ల ప్రయోజనం ఏమిటి? పది అనుకున్నా, పదహారు అనుకున్నా నష్టం ఎవరికి?

వెన్నెల_కెరటం

నష్టం కార్బన్ లెక్కలకు. ఉపరితల బ్యాక్టీరియాలో రోజుకు 20 నుంచి 40 శాతం వైరస్‌ల వల్ల చనిపోతాయన్న అంచనా విస్తృతంగా వాడుకలో ఉంది. పగిలిన కణంలోని పదార్థం పై జీవులకు ఆహారంగా వెళ్లకుండా నీటిలో కరిగి, మళ్లీ బ్యాక్టీరియాకే చేరుతుంది. దీన్ని వైరల్ షంట్ అంటారు. కిరణజన్య సంయోగక్రియలో పట్టుబడిన కార్బన్‌లో 6 నుంచి 26 శాతం దాకా ఈ దారిలో పోతుందని 1999లో విల్హెల్మ్, సటిల్ అంచనా వేశారు. ఎక్కువ చోట్ల కొలిచేది బ్యాక్టీరియానే, వైరస్‌లను కొలిచే చోట్లు తక్కువ. బ్యాక్టీరియా సంఖ్యను పదితో గుణించి వైరస్‌ల సంఖ్యనూ, దాని నుంచి అవి కణాలకు తగిలే వేగాన్నీ రాబట్టి ఒక మహాసముద్రం మొత్తానికి విస్తరిస్తే, బ్యాక్టీరియా దట్టంగా ఉన్న తీరాల్లో వైరస్‌ల ప్రభావాన్ని ఎక్కువగా, పలుచగా ఉన్న నడి సముద్రంలో తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. సముద్రంలో విశాలమైనది ఆ రెండవ భాగమే. గీత కారణాన్ని చెప్పకపోయినా, పదితో గుణించకూడదని మాత్రం చెబుతోంది.

సాగరతీరం

ఇవాళ నోట్సులో ఆ పాత వాక్యాన్ని కొట్టేసి, దాని కింద మధ్యగతాన్నీ విస్తృతినీ రాసుకున్నాను. యూనిట్ పరీక్షకు ఈ ప్రశ్న తయారుచేశాను, తప్పులుంటే చెప్పండి: "ఒక ఉపరితల నమూనాలో మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు, 1 కోటి వైరస్‌లు ఉన్నాయి. ఘాతాంకం 0.42 అనుకుంటే, 20 లక్షల కణాలున్న నీటిలో ఎన్ని వైరస్‌లను ఆశించవచ్చు? నిష్పత్తి ఎంత?" సమాధానం సుమారు 1 కోటి 34 లక్షలు, నిష్పత్తి 6.7 అని వేసుకున్నాను. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి ముందుగా చూపించాను, ఆర్కే బీచ్ నీటిని నిజంగా లెక్కిద్దామని పట్టుబడుతోంది. మా విభాగంలో ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని ఉంది, రంగు తెప్పించాలి.

లెక్కల_పంతులు

అంకగణితం సరిగ్గానే ఉంది. అయితే ఉపరితలంలో ఆ గీత వివరించేది 15 శాతమేనని మరిచిపోకండి. "మీ సమాధానానికి రెండు రెట్లు ఎక్కువ వైరస్‌లు కనిపిస్తే ఆశ్చర్యపోవాలా? ఎందుకు?" అన్న మరో భాగాన్ని జోడించి, మార్కులు దానికే ఎక్కువ పెట్టండి.

వెన్నెల_కెరటం

బీచ్ నీటిలో ఇసుక, బురద రేణువులు ఎక్కువ. వైరస్‌లు వాటికి అంటుకుపోయి తక్కువగా లెక్కకు వస్తాయి, రేణువులు కూడా కొన్ని మెరుస్తాయి. అలలు విరిగే చోటు దాటి పడవ మీద వెళ్లి తీసుకోగలిగితే మంచిది. తెచ్చిన రోజే లెక్కించండి, శీతలపెట్టెలో పెట్టవద్దు. ఖాళీ నమూనా మరిచిపోవద్దు. ఫలితం ఇక్కడ పెట్టమని ఆ అమ్మాయికి చెప్పండి.

చెరువుగట్టు

మేడమ్ గారూ, మీ విద్యార్థులు ఒప్పుకుంటే మా చెరువు నీళ్లు కూడా రెండు సీసాలు పంపిస్తాను. కిక్కిరిసిన నీళ్లంటే ఎలా ఉంటాయో మా దగ్గర చూడవచ్చు.